ఊడ్చిన నేల

టేపు పట్టుకుని అడవి అంచున నిలబడ్డ ఇంజినీరూ, నీ కాళ్ల కింద నేల ఎవరు ఊడ్చారో ఎప్పుడైనా అడిగావా?

నేను అడగలేదు. ఉద్యోగమంతా సోలార్ పనిలోనే గడిచింది. దమ్మపేట, ములకలపల్లి, టేకులపల్లి మండలాల్లో నేను అడుగుపెట్టని గూడెం తక్కువ. మొదట్లో మోటార్ సైకిల్ వెనక ఒక్క సోలార్ పలక కట్టుకుని తిరిగేవాణ్ణి. ఇంటికో దీపం ఇచ్చేవాళ్లం. తర్వాత గూడేనికో చిన్న ప్లాంటు, ఆ తర్వాత పోడు చేలల్లో సోలార్ మోటార్లు వచ్చాయి. రిటైరయ్యే నాటికి రోడ్డు పక్కన చేలకు చేలే పలకలు పరిచి కరెంటు పుట్టించే రోజులొచ్చాయి. ఆ ఎదుగుదల గురించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల కోసం రాయమని మా ఇంజినీర్ల సంఘం అడిగింది. రిటైరైనప్పుడు చేసిన సన్మానం నాడు మాట్లాడుకున్న మాటలే మళ్లీ రాస్తానని అనుకుని ఉంటారు.

ఆ సన్మానంలో నా గురించి చెప్పిన మాటల్లో ఒకటి అబద్ధం. "ఏ గూడెంలోనూ ఒక్క అభ్యంతరం రాకుండా పని చేసిన మనిషి" అన్నారు. నేను శాలువా సర్దుకుని నవ్వాను. అభ్యంతరం వచ్చింది. ఒకామె నా ఎదుటే కూర్చుని చెప్పింది. నేనే దాన్ని కాగితం మీదికి రానివ్వలేదు. రాయదగ్గది అదొక్కటే. ప్రమోషన్లు, ప్రశంసా పత్రాలు పక్కన పెట్టండి.

నిమ్మకాయ

మా నాన్న దమ్మపేటలో రైతు. చదివింది తక్కువ, వాదించింది ఎక్కువ. సంస్కరణ సభ ఎక్కడ జరిగినా సైకిల్ మీద నన్ను ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. బాబాలతో, జ్యోతిష్కులతో వేదికల మీద జరిగే వాదాలు వింటూ పెరిగాను. "చూపించు, అప్పుడు నమ్ముతా" అన్నదే మా ఇంట్లో రోజూ వినబడే మాట. ఇంజినీరయ్యాక ఆ మాటకు మీటరు కూడా తోడైంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో టేకులపల్లి వైపు ఒక గూడెంలో పదిళ్లకు దీపాలిచ్చాం. తొమ్మిది బాగానే వెలుగుతున్నాయి. ఒక ఇంట్లో మాత్రం గంట తిరక్కుండానే ఆరిపోతోంది. వెళ్లి చూస్తే, పలకకు అడ్డంగా నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది.

"ఎందుకు కట్టావయ్యా?" అని అడిగాను.

"గింత మెరుస్తున్నది సారూ, దిష్టి తగలదా?" అన్నాడు ఇంటాయన.

గూడెమంతా పోగైంది. నేను మీటరు తీసి తీగలు కలిపాను. ముల్లు కొంచెమే లేచింది. దండ తీసేశాను. ముల్లు పైకి దూకింది. మళ్లీ కట్టాను, పడిపోయింది. పలకలో చిన్న ముక్క మీద నీడ పడినా మొత్తం పలక నీరసపడుతుందని చెప్పాను. జనం గొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు.

"నిమ్మకాయ గూడ కరెంటు తాగుతదన్నట్టు! సరే సారూ, దండ గుమ్మానికి కడత. పలకకు ఎండ వదిలిపెడత."

ఈ కథను ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఎక్కడ చెప్పినా చప్పట్లే. ఆయన చివర అన్న మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నా గెలుపు కథలో ఆయనకు తెలివి ఉండటం నాకు గిట్టలేదు. ఇంకో సంగతీ నేను గమనించలేదు. నేను ఎందుకని అడిగాను, ఆయన కారణం చెప్పాడు, ఇద్దరం కలిసి దారి కనుక్కున్నాం. ఆ రోజు పని చేసింది అడగటం. నేను మాత్రం మీటరు అనుకున్నాను. నాలుగేళ్లు గడిచేసరికి అడగటం మానేశాను. గూడెంలో ఎవరు ఏ అడ్డు చెప్పినా అది నిమ్మకాయే అని నిశ్చయించుకున్నాను.

మా పెద్దసారు

నా పై అధికారి చెడ్డవాడు కాదు. గూడెంలో నేల మీద కూర్చుని వాళ్లు పెట్టింది తినేవాడు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. ఒక జబ్బు కూడా నేర్చుకున్నాను.

"ఏమయ్యా, నీడ సంగతి నువ్వు చూస్కో. మనుషుల సంగతి చూసే శాఖలు వేరే ఉన్నయ్" అనేవాడు.

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. ఎవరి పని వారిది. కానీ ఆ వేరే శాఖలవాళ్లు గూడేనికి రాకముందే మన కాగితం వాళ్ల బల్ల మీదికి చేరుతుంది. అందులో మనం "చెట్లు ఏడు" అని రాస్తే వాళ్లకు చెట్లు ఏడే. మనుషులు అందులో ఉండరు. మంచివాళ్లు ఎవరి గీతలో వాళ్లు నిలబడి ఘోరాలు చేయడం నేను ఈ ఉద్యోగంలోనే చూశాను. చూడటమేమిటి, చేశాను.

ఏడు చెట్లు

ములకలపల్లి మండలంలో ఒక కోయగూడెం. పేరు రాయను. ఆ పేరు మీద ఇప్పుడు ఒక ఫైలు నడుస్తోంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. అక్కడ గూడెమంతటికీ కలిపి ఒక ప్లాంటు పెట్టాలి. దక్షిణానికి తెరుచుకున్న నేల కావాలి, నీడ ఉండకూడదు. గూడెం అంచున ఒక చోటు చూడగానే నచ్చింది. కాకపోతే తూర్పునా దక్షిణానా ఏడు ఇప్పచెట్లు ఉన్నాయి. వాటి కింద నేల అద్దంలా ఉంది. ఆకు లేదు, పుల్ల లేదు, గడ్డి పోచ లేదు. సర్వే కాగితంలో నా చేత్తో రాసిన వాక్యం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: "నేల శుభ్రంగా ఉన్నది. చదును చేసే పని తక్కువ."

దాని కింద ఇంకో వాక్యం: "నీడ అడ్డంకులు: ఇప్పచెట్లు ఏడు. తొలగించవలెను."

అడవి నేల తనంతట తాను అద్దంలా ఉండదన్న సంగతి ఆలోచించడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. ఇప్పపూలు రాలే ముందు, చెట్టు ఎవరిదో ఆ ఇంటి ఆడవాళ్లు దాని కింద ఎండుటాకులు కాల్చి, నేల ఊడుస్తారు. పువ్వు రాలి దుమ్ములో కలవకుండా ఉండటానికి అలా చేస్తారు. నేల గూడెం ఉమ్మడిదే కావచ్చు, చెట్టు మాత్రం ఒక ఇంటిది. తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో వస్తుంది. ఒకరు ఊడ్చిన చోట ఇంకొకరు వంగి పువ్వు ఏరరు. అంటే ఆ నేల మీద హక్కు రాసి ఉంది. నేను దాని మీదే నిలబడి, అదే నేలను శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాను.

గ్రామసభ పెట్టాం. పొద్దున ఎనిమిదింటికి పెట్టాం, ఎందుకంటే మధ్యాహ్నం నా జీపు ఇంకో గూడేనికి వెళ్లాలి. అది ఇప్పపూల కాలం. తెల్లారకముందే వెళ్లిన ఆడవాళ్లు గంపలతో ఇంకా చెట్ల కిందే ఉన్నారు. సభలో అంతా మగవాళ్లే.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాను.

గూడెం పెద్ద, లచ్చయ్య పటేల్, గొంతు సవరించుకుని "ఆడోళ్లు వచ్చినంక అడుగుదాం సారూ" అన్నాడు.

"వాళ్లకు మీరు చెప్పండి."

"చెప్తె గాదు. అడగాలె."

నేను గడియారం చూసుకున్నాను. వేలిముద్రల కాగితం ముందుకు జరిపాను.

పూలు రాలడం అయిపోయిన వారానికి రంపాలతో మనుషులు వచ్చారు. నాలుగు చెట్లు పడ్డాయి. ఐదో చెట్టు దగ్గరికి ఒకామె నడుచుకుంటూ వచ్చి, మొదలుకు వీపు ఆనించి కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. పేరు ముత్తమ్మ. భర్త చనిపోయాడు. మిగిలిన మూడు చెట్లూ ఆమె అత్త ఇచ్చినవి. ఆ ఇంట్లో మగమనిషి లేడు కాబట్టి ఆ సభలో ఆ ఇల్లే లేదు.

నాకు పూనకం వచ్చింది. నిజంగా ఆ రోజు ఎవరికైనా పూనకం వచ్చిందంటే నాకే. సభల్లో నేర్చుకున్న గొంతు బయటికి తీశాను.

"చూడమ్మా! చెట్టులో దేవతా లేదు, దయ్యమూ లేదు. చెట్టు చెట్టే. నరికితే గూడేనికి ఏ కీడూ రాదు. వస్తే నాది పూచీ. ఈ మూఢనమ్మకాలతోనే మీరు ఇక్కడ ఆగిపోయారు."

ఆమె తలెత్తి చూసింది.

"దేవత అని ఎవలన్నరు సారూ? ఇది నాది."

రంపం పట్టుకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నవ్వింది నన్ను చూసే. నాకు మండిపోయింది.

"నీదా? కాగితం ఉందా?"

"నేల ఊడ్చిన. కనవడ్తలేదా?"

"ఊడిస్తే సొంతమైపోతుందా?"

"ఊడ్వకుంటె ఎట్ల సొంతమైతది?"

ఎన్నో వేదికల మీద వాదించినవాణ్ణి, ఒక చెట్టు కింద, చీపురు తప్ప వేరే సాక్ష్యం లేని మనిషి ముందు ఓడిపోయాను. వాదంలో ఓడినవాడు ఒప్పుకోవాలి. మా నాన్న నేర్పిన నీతి అది. నేను ఒప్పుకోలేదు. "కానివ్వండి" అని పనివాళ్లకు సైగ చేశాను. ఇద్దరు ఆడకూలీలు ఆమె చేతులు పట్టుకుని పక్కకు తెచ్చారు. ఆమె పెనుగులాడలేదు. పెనుగులాడి ఉంటే రాద్ధాంతం చేసిందని అనుకుని నేను సుఖంగా ఉండేవాణ్ణి.

కొంచెం దూరంలో బోడి బండ ఒకటుంది. నీడ లేదు, చెట్టు లేదు. అక్కడ పెట్టొచ్చు. తీగ పొడుగు కావాలి, బండకు రంధ్రాలు వేయాలి, డ్రాయింగు మళ్లీ గీయాలి. రెండు రోజుల పని. ఆ బండను నేను సర్వే మొదటి రోజే చూశాను. దానికీ ముత్తమ్మ చెట్లకూ మధ్య అడ్డంగా ఉన్నది నా బద్ధకం. దానికి నేను విజ్ఞానం అని పేరు పెట్టాను.

ఇంకో నిజం కూడా ఉంది. దమ్మపేటలో మా పొలం మాకెలా వచ్చింది? మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి, పొదలు కొట్టి, వేర్లు పెకలించి దున్నాడు. కాగితం చాలా తర్వాత వచ్చింది. ఆ కథ మా ఇంట్లో పెళ్లిళ్లలో కూడా గర్వంగా చెప్పుకుంటాం. దున్నితే సొంతమవుతుందన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, ఊడిస్తే సొంతమవుతుందా అని అడిగాను. మా తాత కొట్టిన పొదల చుట్టూ నేల ఎవరైనా ఊడ్చి ఉండేవారా? మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. ప్రశ్నలు వేయడమే మతంగా బతికిన ఇల్లు మాది.

రిపోర్టులో రాశాను: "చెట్లపై ఎవరికీ హక్కులు లేవు. గ్రామసభలో అభ్యంతరాలు రాలేదు." సంతకం పెట్టాను.

దీపం

ప్లాంటు వెలిగింది. గూడెంలో పిండిమర తిరిగింది, సెల్‌ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు, పాము భయం తగ్గింది. అది చిన్న సంగతి కాదు. సోలార్ చెడ్డదని ఎవడైనా నా మాటల్లోంచి తీస్తే వాడితో ఈ వయసులో కూడా కలబడతాను. "చూశారా, చివరికి సైన్సు ఓడింది, అడవితల్లి గెలిచింది" అని నిట్టూర్చే కవులకూ ఒక మాట. ఓడింది సైన్సు కాదు. చూడకుండా, అడగకుండా తేల్చినవాడు సైన్సు చేయలేదు, పెత్తనం చేశాడు. ముత్తమ్మ చెట్టుకు మొక్కలేదు. తనది తనదని చెప్పింది. ఒక కోయ ఆడమనిషి నోటి వెంట హక్కు అనే మాట వస్తుందని నా బుర్రకు తట్టలేదు. అందుకే నేను దేవతను పట్టుకొచ్చాను. ఆ రోజు ఆ చెట్టు దగ్గర దేవతను తలచినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటింటికీ చేతిదీపం ఒకటి ఇచ్చాం. ముత్తమ్మ ఇంటికీ ఇచ్చాను. తీసుకుంది. మరుసటి ఏడు వెళ్లినప్పుడు, వాడుతున్నావా అని అడిగాను. అంత సిగ్గులేని ప్రశ్న నేను ఇంకెన్నడూ అడగలేదు.

"మంచిగున్నది సారూ, లైటు. చీకట్ల చెట్టు కింద వెట్టుకొని పువ్వేరుకుంటె ఎంత బాగుండు. చెట్టేది?"

కోపంగా అనలేదు. ఆ ఏడు ఇప్పపూల కాలంలో ఆమె మిరప తోటల్లో కూలికి వెళ్తోంది.

తర్వాత బ్యాటరీలు పోయాయి. మార్చే నాథుడు లేడు. స్తంభాల మీద మామూలు కరెంటు వచ్చింది. ఆ పలకల కింద ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు. చెట్లు కొట్టి తెచ్చుకున్న ఎండ అక్కడ ఊరికే పడుతోంది.

మళ్లీ అదే కాగితం

ఈ ఏడు మాఘంలో సౌజన్య అనే అమ్మాయి ఖమ్మంలో మా ఇంటికి వచ్చింది. అసిస్టెంట్ ఇంజినీరు, చురుకైన పిల్ల. అదే గూడేన్ని ఆనుకుని పెద్ద ప్లాంటు వస్తోందట, గ్రిడ్డుకు కలిపేది.

"సార్, మీ పాత రిపోర్టు లేకపోతే మాకు ఎంత లేటయ్యేదో! థాంక్స్ చెప్దామని వచ్చిన" అంది.

"ఏ రిపోర్టు?"

ఫోనులో చూపించింది. నా వాక్యాలే. నా సంతకమే. "చెట్లపై ఎవరికీ హక్కులు లేవు." ఏడు చెట్ల గురించి నేను రాసిన అబద్ధం ఇప్పుడు ఆ పక్కనున్న ఇప్పతోపు మొత్తానికి రుజువైంది. కొట్టడానికి చెట్లకు తెల్ల రంగుతో నంబర్లు కూడా వేశారట.

నేను ఆ అమ్మాయికి టీ ఇచ్చి పంపించేశాను. నోరు విప్పలేదు. రెండు రోజులు విప్పలేదు. శాలువా, చప్పట్లు, సంఘంలో నా కుర్చీ, ఇవన్నీ గుర్తొచ్చాయి. నా పిరికితనం ఎంతటిదో తెలుసుకోవడానికి ఆ రెండు రోజులు సరిపోయాయి. మూడో రోజు ఫోన్ చేసి, పువ్వు రాలడం మొదలవగానే గూడేనికి వెళ్దామన్నాను.

తెల్లవారుతుండగా చేరాం. దూరం నుంచే ఒక ముసలామె కేక వినబడింది:

"చెట్లు దాసిపెట్టుకోండ్రే! లైట్ల సారొచ్చిండు!"

చెట్ల కింద నవ్వులు. సౌజన్య నా మొహం చూసింది. నేను నేల చూశాను. ఊడ్చి ఉంది.

ముత్తమ్మ జుట్టు నెరిసింది. పక్కింటామె చెట్టు కింద సగం పాలుకు ఏరుతోంది. ఆ చెట్టుకూ తెల్ల నంబరు ఉంది.

"కూసో సారూ. గా ఊడ్చిన కాడ గాదు, ఇటు పక్కన."

కూర్చున్నాను. "ముత్తమ్మా, ఆనాడు నేను తప్పు రాశాను" అన్నాను.

ఆమె ఏరడం ఆపలేదు. "నాకెందుకు చెప్తున్నవ్? రాసినవ్ గద. మళ్ల రాయి."

అక్కడే, గంప బోర్లించి, దాని మీద కాగితం పెట్టి రాశాను. నా పాత రిపోర్టులో హక్కుల గురించిన వాక్యం అబద్ధమని, అభ్యంతరం వచ్చిందని, ముత్తమ్మ అనే మనిషి నాకు ముఖాముఖి చెప్పిందని, దాన్ని నేను దాచానని రాసి సంతకం పెట్టాను. సౌజన్య ఆడవాళ్ల వెంట చెట్టు చెట్టుకూ తిరిగింది. కాసేపటికి వెనక్కి వచ్చింది.

"సార్, ఈ ఫారంల పేర్లకు కాలమ్ లేదు."

ఉండదు. ఆ ఫారం తయారు చేసింది నేనే. నీడ పొడుగుకు, మొదలు చుట్టుకొలతకు, ఎత్తుకు గడులున్నాయి. మనిషికి గడి లేదు. స్కేలు తీసుకుని పక్కన ఒక గీత గీశాను.

పాత రిపోర్టు చాలని సౌజన్య పై అధికారి అంటున్నాడట. ఈసారి గ్రామసభ సాయంత్రం పెట్టించాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. నా ఉత్తరం అక్కడ నేనే చదువుతాను. చెట్లు నిలుస్తాయో లేదో నాకు తెలియదు. ఒక ఉత్తరం ఒక ఫైలును ఆపదు. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

నీ చేతిలో ఆ ఫారం ఉంది కదా? ఇప్పుడే తియ్యి. నీడ గడి పక్కన ఒక గీత గీసి, పైన "ఎవరిది" అని రాయి. రేపు చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు పైకి చూసే ముందు కిందికి చూడు. నేల ఊడ్చి ఉంటే అక్కడే ఆగు. ఊడ్చిన మనిషి వచ్చేదాకా ఆగు. జీపును పోనీ, పెద్దసారును అరవనీ. అడిగి, పేరు రాసుకో.

ఆ తర్వాతే టేపు విప్పు.